మద్రాసుకు పోయిన అర్జీ

“రైలుకట్ట కింద తూములో గుర్రపుడెక్క తీయించమని అర్జీ పెడితే, మద్రాసు నుంచి ఏం జవాబొచ్చిందో చదవండి మేష్టారూ.”

ఉంగుటూరు దగ్గర రైలుకట్ట మీద నిలబడి మేష్టారు కాగితం విప్పాడు. కట్ట పక్కన, నీళ్ళు పోయే దారి లేక, కాగితం ఇచ్చిన ముసలి రైతు పొలం చెరువులా ఉంది.

“రైల్వే ఢిల్లీ ప్రభుత్వానిదట బాబాయిగారూ. ఆ తూము తమ చేతిలో లేదట.”

“మరి మన మంత్రులొచ్చి ఏం లాభమండీ?”

“కాలవలు, శిస్తు, పోలీసులు మద్రాసుకి. రైళ్ళు, తపాలా ఢిల్లీకి. తెల్లదొరల కొత్త చట్టంలో అలా పంచారు.”

“ఆ పంపకం నా నాట్లకి తెలుసా? పద్దెనిమిది రోజులుగా మునిగి కుళ్ళిపోయాయి. ఏలూరులో అర్జీలు రాసే రసూల్‌కి ఆమాత్రం తెలీదా? రేపు వెళ్ళి అతని బల్ల రోడ్డు మీద పారేస్తాం. మీరూ రండి.”

మేష్టారు కాగితం మడిచేశాడు.

“రసూల్ గారి జోలికి వెళ్ళకండి. ఆయన రైల్వే వాళ్ళకే రాశారు.”

“మరి మద్రాసుకెలా పోయింది?”

“మీరంతా వేలిముద్రలు వేశాక, ఒకతను పైనున్న రైల్వే వాళ్ళ పేరు కొట్టేసి మద్రాసని రాశాడు. ఓట్లప్పుడు, ఇక అన్నీ మన మద్రాసు చేతిలోనే అని ఊరంతా చెప్పాడతను. మళ్ళీ ఢిల్లీకి దండం పెట్టాలంటే నామోషీ అనిపించింది.”

ముసలాయన మేష్టారి వైపు తిరిగాడు.

“ఆ మాట మా అరుగు మీద నిలబడే చెప్పారు. అర్జీ పోస్టులో వెయ్యమని ఇచ్చిందీ...”

“నాకే బాబాయిగారూ. పేరు మార్చింది నేనేనండి.”