గాజుల డబ్బాలో ఫ్లాపీ

భూలక్ష్మి, ఇరవై నాలుగేళ్ళు. కెమెరాలోంచి ఫ్లాపీ తీయగానే నకలు చేసి, అసలుదాన్ని గాజుల డబ్బాలో దాచిపెట్టడం ఆమె అలవాటు.

మాదాపూర్‌లో కొత్త టవరు కడుతున్న సైటాఫీసులో ఆమె టైపిస్టు. ఫొటోలు ఫ్లాపీలో పడే డిజిటల్ కెమెరా ఉండేది సూపర్‌వైజరు భీమేశ్వరరావు బీరువాలో. ఫొటో తీయాల్సొస్తే ఎండలోకి వెళ్ళేది మాత్రం భూలక్ష్మి. ఆ వేళ టీ కొట్టు దగ్గర ఆయన చేతిలో టవరు ఫొటో ప్రింటు ఒకటి ఉంది. దాన్ని తీసినవాళ్ళ పేరుతో బ్రోచరు మీద వేయిస్తానని, ఇకమీదట కెమెరా కూడా వాళ్ళకే అప్పగిస్తానని మేనేజరు రంగనాథ్ చెప్పాడు.

"పెద్ద కష్టమేం కాదండీ," అన్నాడు భీమేశ్వరరావు. "సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి, మోచేతులు డొక్కలకి ఆనించాలి, ఊపిరి బిగబట్టాలి. పన్నెండింటికి బిగబట్టానండీ, ఎండ నాకు నచ్చేసరికి నాలుగున్నర."

మేస్త్రి రామన్న టీ తాగడం మరిచిపోయాడు. "నాలుగున్నర దాంక?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బొకటి అడ్డొచ్చింది. ఇలా కసిరాను, కోకాపేట వైపు వెళ్ళిపోయింది. అప్పుడు నొక్కాను. పై అంతస్తు కూలీ గడియారంలో ముల్లుతో సహా పడిందండీ. దాన్ని చూసే ఆఫీసు గడియారం సరిచేశాం. అన్నీ పట్టేసరికి ఫ్లాపీ ఎంత బరువెక్కిందంటే, ఇద్దరు మోశారు."

ఫొటో తీసింది తనే అయినా, ఆయన చెప్పే తీరు వింటుంటే భూలక్ష్మికే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

రంగనాథ్ ప్రింటు దగ్గరగా పట్టుకున్నాడు. "గళ్ళు గళ్ళుగా మసకబారిందేమిటండీ?"

"ఎండ వేడికండీ."

"ఎండ కాదు సార్," అంది భూలక్ష్మి. "రోజుకొకరికి చూపెట్టుడు, జర వెలుగు పెంచుడు, మళ్ళ అదే ఫైలు మీద సేవ్ కొట్టుడు. కొట్టినప్పుడల్లా బొమ్మ ఇంత కరాబైతది. గా ప్రింటు నేనిచ్చిన నకలుది. ఇది అసలుది." సంచిలోంచి మరో ప్రింటు తీసి పక్కన పెట్టింది. "మీ దాంట్ల ఈ మూలకు సిమెంటు బస్తా ఉన్నది. నా దాంట్ల జర చూడుండ్రి."

ఆమె దాంట్లో బస్తాకి మీసాలున్నాయి. చొక్కా తలకింద పెట్టుకుని, బస్తాల నీడలో భీమేశ్వరరావు నిద్రపోతున్నాడు.

రామన్న వంగి చూశాడు. "ఊపిరి బిగబట్టినట్టు లేదు సార్. నోరు తెరిచే ఉన్నది."

బ్రోచరు మీద భూలక్ష్మి పేరు పడింది. మూడేళ్ళ తర్వాత ఆమె మూసాపేటలో స్టూడియో పెట్టింది. గోడకు మొదట తగిలించింది ఆ ఫొటోనే.