మైకు గొంతుకి ఎర్ర దీపం

ఆస్పత్రి గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద మైకు కూర్చున్నాడంటే, ఇక ఆ పూట ఇంకెవరి మాటా చెల్లనట్టే. మైకు అతని పేరు కాదు లెండి. కూరగాయల మార్కెట్లో వేలం పాడతాడు, మైకు అక్కర్లేకుండానే. అందుకని ఆ పేరు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, రేపు పొద్దున ఆపరేషను, ఇవాళే చేరాలి. చేరడానికి వెళ్లినవాడు కాస్తా మత్తు డాక్టరమ్మ గదిలోంచి విసురుగా బయటికొచ్చి, "మీ ఆపరేషనూ వద్దు, మీ గొట్టమూ వద్దు" అని రోడ్డు దాటేశాడు. వెనకాలే బట్టల సంచీతో భార్య, ఆమె తమ్ముడూ.

"తమ్ముడూ, స్ట్రాంగుగా ఒక టీ! నన్ను చూసి మిషను జడుసుకుంది, తెలుసా?" అన్నాడు కొట్టాయనతో.

"ఏం మిషనన్నా?"

"అదేనయ్యా, ఏఐ అంటారే, అది! మత్తిచ్చాక ఊపిరాడ్డానికి గొంతులోకి గొట్టం దింపుతారట. ఎవరికి సులువుగా దిగుతుందో, ఎవరికి మొరాయిస్తుందో అది ముందే చెప్పేస్తుందట. లక్ష గొంతులు చూసి నేర్చుకుందట మహాతల్లి! మెడ తిప్పమన్నారు, తిప్పా. నాలుక చాపమన్నారు, చాపా. నోరు తెరవమన్నారు, తెరిచా. అంతే, ఎర్ర దీపం! కష్టమైన గొంతట. ఎవరిది? నాది! అందుకని మెలకువగా ఉండగానే, కెమెరా ఉన్న సన్న గొట్టం దింపుతారట. అది గీసుకుపోతే? రేపట్నుంచి మార్కెట్లో నేను చేతులూపుకుంటూ సైగలతో పాడాలా వేలం?"

ఆ చివరి మాట దగ్గర మాత్రం అతని గొంతు కాస్త తగ్గింది. తగ్గిందని తనకే తెలిసి, మళ్లీ పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'ఆ' అనండి అంది డాక్టరమ్మ. నేనూరుకుంటానా? 'ఆఆ... టమాటా బుట్ట నూరూ!' అని అందుకున్నా. మిషను 'నూటపది' అంది!"

"మిషనా?"

"మిషనే! పక్కగదిలో గుండె కొలిచే మిషనుకి రోషమొచ్చి 'నూటయిరవై' అంది. నర్సులంతా చేతులు జేబుల్లో దాచేసుకున్నారు, పొరపాటున ఎత్తితే సరుకు మీద పడుతుందని. పాపం పెద్ద డాక్టరు చెవి గోక్కున్నాడు, రెండు బళ్ల క్యాబేజీ ఆయన నెత్తిన పడింది!"

"మరి రోగులేం చేశారన్నా?"

"అక్కడికే వస్తున్నా. ఆపరేషను బల్ల మీద ఒకాయన, ఒళ్లు తెలీని మత్తు, పొట్ట తెరిచుంది, కళ్లు మూసుకునే చెయ్యెత్తి 'రెండొందలు' అన్నాడు! 'బాబ్బాబూ, ముందు కుట్లెయ్యనివ్వండి' అన్నాడు డాక్టరు. 'కుట్లకేం తొందర, సరుకు పోతుంది' అన్నాడాయన!"

"బావా, వాళ్లు నిన్నింకా కొయ్యనే లేదు, నువ్వు మాత్రం తెగ కోసేస్తున్నావ్" అన్నాడు బామ్మర్ది.

"నవ్వరా, నవ్వు! ఆ మిషనుకి సముద్రాల అవతల అక్కచెల్లెళ్లున్నారు. వైర్ల వెంబడి నా గొంతు అక్కడిదాకా పాకింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ రోగి నోరు తెరిచినా, అవి గొంతు సంగతి వదిలేసి 'ఒకటోసారి, రెండోసారి' అంటున్నాయట. 'మూడోసారి' అనడం మాత్రం చచ్చినా రావట్లేదు. అది కావాలంటే నా కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే! అలాంటి మిషను మాట విని నా నోట్లో గొట్టం పెట్టించుకుంటానా? తల తెగినా పెట్టించుకోను!"

అప్పటిదాకా సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భార్య అంది: "ఏదీ, నోరు తెరువు."

"ఇంతసేపూ తెరిచే ఉందిగా వదినా!" అన్నాడు కొట్టాయన.

"అలా కాదు. డాక్టరమ్మ చెప్పినట్టు, పళ్ల మధ్య మూడు వేళ్లు నిలువుగా పెట్టాలి."

బామ్మర్ది పెట్టుకున్నాడు, పట్టాయి. కొట్టాయన చెయ్యి తుడుచుకుని పెట్టుకున్నాడు, పట్టాయి. మైకుకి రెండే పట్టాయి. మూడోది పళ్ల దగ్గరే ఆగిపోయింది. ఎంత నెట్టినా పోదే! మార్కెట్టంతటికీ పెద్ద నోరు అనుకున్నది, తీరా చూస్తే ఇంతే!

"చిన్నప్పుడు బండి మీంచి పడ్డా, అప్పట్నుంచీ ఈ దవడ ఇంతేలే" అని గొణిగాడు.

"నాకు తెలీదా? ఆపిల్ పండు సన్నగా తరిగి పెట్టేది ఎవరు? ఇంటి గుట్టు అనుకున్నా ఇన్నేళ్లూ, మిషను ఇట్టే పట్టేసింది. పట్టింది కాబట్టే, నువ్వు నిద్రపోయాక తడుముకోకుండా, ముందే నిదానంగా దింపుతామంటున్నారు. అయినా ఏమయ్యా, అంత చిన్న సందులోంచి ఇన్ని బళ్ల కోతలు బయటికొచ్చాయే, ఒక్క సన్న గొట్టం లోపలికి పోదా?"

కొట్టాయన చేతిలో టీ ఒలికిపోయింది, నవ్వాపుకోలేక.

ఆవిడ మాత్రం నవ్వలేదు. సంచీ భుజానికేసుకుని లేచింది. "వస్తున్నావా? ఒకటోసారి."

"రానంటే రాను."

"రెండోసారి."

మైకు బెంచీ అంచు పట్టుకున్నాడు.

"మూ..."

"ఆగవే!" ఎగిరి లేచాడు మైకు. "నేను బతికుండగా ఆ మాట ఇంకొకరనడమా?"

రొమ్ము విరుచుకుని రోడ్డు దాటాడు. గేటు దగ్గర నిలబడి, రేపేమైనా కానీ ఇవాళ మాత్రం నాదేనన్నట్టు, ఉన్న గొంతంతా పెట్టి "మూడోసారీ!" అన్నాడు. కాపలావాడు ఉలిక్కిపడి చెయ్యెత్తాడు.

"పాట నీదే" అని, లోపలికి నడిచాడు మైకు.