ఝపటాపూర్ అమ్మవారు

ఝపటాపూర్ రైల్వే క్వార్టర్ పెరట్లో అక్క అమ్మవారి రాయికి పసుపు రాస్తోంది. తమ్ముడు ఫోను చూపించాడు.

“అప్పా, కరెంటు డ్యాములో నీళ్లు తగ్గిపోనాయి. మునిగిపోయిన మన ఊరు తేలింది, సూడు.”

“గుళ్లో ఆ నిలబడిందేటి?”

“అమ్మవారే. ఉన్నకాడే ఉంది.”

“మరి ఊరు మునిగినప్పుడు అమ్మవారని నాన్న మోసుకొచ్చిన ఈ రాయి?”

“ఏట్లో రాయి అయ్యుంటాది. ఉత్త సేతుల్తో రైలెక్కనేకపోనాడు కావోసు.”

అక్క చేయి ఆగింది. వర్క్‌షాపు ఉద్యోగాలకీ, పిల్లల జ్వరాలకీ ఇన్నేళ్లూ మొక్కింది దీనికే. మళ్లీ పసుపు కలిపింది.

“తెలిసీ రాస్తన్నావేటి?”

“నీళ్లల్లో ఉన్నామె మనం నేకుండానే నిలబడింది. ఈమెకి మనం తప్ప ఎవులున్నార్రా?”