పలక తలపాగా

రేపు గిద్దలూరు కాలేజీతో ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్. మార్కాపురం జట్టు కెప్టెన్ ప్రియదర్శిని ఆదెయ్య టీ కొట్లో దిగులుగా కూర్చుంది.

"ఆడేది మేమే, చూసేదీ మేమే పెదనాయనా. ఒక్కరూ వస్తామనడం లేదు."

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే పెదనాయన చెన్నకేశవులు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎందుకు రారు పాపా? మా కాలంలో మ్యాచ్ అంటే ఎర్ర తలపాగా చుట్టి, దాంట్లో ఒక పలక దోపుకొని పోవాల. ఆ పద్ధతి పెట్టింది ఎవరనుకున్నావు? నేనే. మొదట నేనొక్కణ్ణే కట్టుకున్నా. సగం ఆట అయ్యేసరికి ఊరంతా కట్టుకున్నారు. కొట్లల్లో పలకలన్నీ అయిపోయి, రాసుకునేదానికి లేక బడి పిల్లోళ్లకు సెలవిచ్చినారు."

"నిజంగానా?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిద్దలూరోడు ఒకడు బంతిని తన్నినాడు చూడు, నేరుగా వచ్చి నా పలకకు తగిలింది. పలక చెక్కు చెదరలే. బంతి మాత్రం పైకి లేచి కనపడకుండా పోయింది. వాళ్ల గోల్‌కీపర్ బస్సెక్కి త్రిపురాంతకం దాకా వెతుక్కుంటా పోయినాడు పాపం. ఇంకేముంది, వేరే బంతి తెచ్చి గోల్ మీద గోల్ కొట్టినాం. నా పలక మీద గోల్స్ లెక్క రాసేదానికి చోటు చాలక పక్కనోళ్ల నెత్తిమీది పలకల మీద రాసినా."

"మరి ఆ మొదటి బంతి?" పాలు తిరగబోస్తూ అడిగాడు ఆదెయ్య.

"అది పోయి మబ్బును పొడిచింది గదా. కొనకనమిట్లలో కందిచేలు ఎండిపోతున్నాయా, ఆ సాయంత్రమే వాన. రైతులు ట్రాక్టర్లేసుకొని వచ్చి నా పలకకు కుంకుమ పెట్టిపోయినారు."

"అన్నా, ఆ మ్యాచ్‌లో మన గోల్‌కీపర్ని నేనే," అన్నాడు ఆదెయ్య. "ఏడు గోల్స్ తిన్నా. మనం ఒక్కటీ కొట్టలే. చూసేదానికి వచ్చింది నువ్వొక్కడివే."

కొట్లో అందరూ నవ్వారు. చెన్నకేశవులు ఖాళీ గ్లాసునే మళ్లీ ఎత్తి తాగబోయాడు.

"అయితే పలక మాత్రం నిజమేనమ్మా," ఆదెయ్య ప్రియదర్శిని వైపు తిరిగాడు. "దాని మీద బలపంతో 'ఇంకా టైముంది' అని రాసుకొచ్చినాడు. నేను గోల్ తిన్నప్పుడల్లా తల వంచి చూపించేవాడు. ఏడోది తిన్నాక కూడా చూపించినాడు. అది చూసే నేను ఆట వదిలి పారిపోలే."

ప్రియదర్శిని చెన్నకేశవులు వైపు జరిగింది. "రేపు వస్తావా పెదనాయనా?"

"ఒక్కణ్ణే ఏం వస్తా? ఆదెయ్యా, కొట్టు మూసి నువ్వూ రా. వీళ్లందర్నీ తీసుకొని రా. పలకలు నేను తెస్తా." చెన్నకేశవులు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "ఆఁ, కొనకనమిట్లోళ్లకు ఫోన్ చేసి ఒక మాట చెప్పు. రేపు మిరపకాయలు బయట ఆరబెట్టుకోవద్దని."