సీత ఎదర హెల్మెట్టు

ఇలా కూకో జ్యోత్స్నా. ఆ ఫోను అవతలెట్టు. ఏటీ, ఆ నాటకం షో మానేస్తావా? రాసుకోడం అయిపోనాది, నేర్చుకోడం అయిపోనాది, ఇప్పుడొచ్చి "అకేలీ కైసే కరూఁ, దాదీ" అని నా కాడ ఏడుస్తావేటి? ఒక్కదాన్నీ ఎలా చెయ్యను, గంటసేపు నిలబడితే ఎవులు చూస్తారంటావా? మీ అమ్మమ్మ సీతని చూసేరు కదే, ఈ స్టీలు ప్లాంటోళ్ల క్యాంప్ టూ బస్తీ అంతా! నువ్వు పుట్టకముందే పోయినాది, నీకు ఫొటోలోనే తెల్సు. కుళాయొచ్చీలోగా చెప్తాను విను. నీళ్లు కాసేపే వదుల్తారు, ఇల్లు తగలబడినా నాను బకెట్టొదల్ను. టీ తాగు, చల్లారిపోతంది. అల్లం ఎక్కువైనట్టుంది.

అప్పటికి నాను కొత్త కోడల్ని. మా ఆయన, అదే, మీ జోగయ్య తాత, ప్లాంటులో బొగ్గు కాల్చీ కోక్ ఓవెన్ కాడ పని. ఆయనకీ, ఆయనతో పనిచేసీ నరసింగరావుకీ నాటకాల పిచ్చి. నరసింగరావు అత్త వేషం కట్టీవోడు. మీసం తీసీసిన రోజున కన్నకూతురే జడుసుకునీది ఆ మొహం చూసి. ఆ నాటకంలో నలుగురు మగోళ్లూ, సీతా, అంతే. సీత వాళ్లమ్మ పోలమ్మ ఒప్పుకుంటాదా? "చరోదాలో రైల్వే పిల్లోడి సంబంధం కుదిరిపోనాది, మాఘంలో పెళ్లి. ఒక్కసారి ఆడి ఆ సరదా తీర్చీసుకో. మళ్లీ పేరెత్తేవా, కాళ్లిరగ్గొడతాను" అన్నాది. అదీ సంగతి. దానికున్నది ఒక్క సాయంత్రమే. రిహార్సలు మా ఇంట్లోనే. షిఫ్టుల బతుకు కదా, ఒకడొస్తే ఒకడు డ్యూటీ, అందరూ ఒక్కసారి కలిస్తే ఒట్టు. రానోళ్ల మాటలన్నీ సీతే చెప్పీది. ఊరికినే కాదు, రాని మనిషికి బదులు ఏదో ఒకటి ఎదరెట్టుకునీది. మా ఆయన రాకపోతే ఆయన పాత డ్యూటీ హెల్మెట్టు. నరసింగరావు రాకపోతే నా చేట. నాను బియ్యం చెరుగుతుంటే "వదినా, మా అత్తనిలా ఇయ్యి" అని లాక్కునీది!

కథేటంటావా? ఏటుంది, తండ్రితో తగువాడి ఇల్లొదిలీసిన పిల్ల ఆఖర్న గుమ్మం కాడికొచ్చి నిలబడతాది. తండ్రి "లోపలికి రా తల్లీ" అనాల. తండ్రి మా ఆయనే. ఆ ఒక్క ముక్కా ఆయనకి వచ్చీది కాదు, గేటు కాడ హాజరు పలికినట్టు పలికీవోడు. "జోగన్నా, నన్ను పిలుస్తన్నావా, రిక్షాని పిలుస్తన్నావా?" అనీది సీత.

నాటకం రోజు నలుగురికీ పొద్దుటి షిఫ్టే. రెండింటికి దిగిపోవాల, అయిదింటికి ఆట. మరి ప్లాంటు రూలు తెల్సు కదా, నీ బదులోడొచ్చి నిలబడందే నువ్వు ఓవెన్ కాడ్నించి కదలకూడదు. జనం నిండిపోనారు, ఈలలు, ఆడీవోళ్లు మాత్రం లేరు. నాను చూద్దును కదా, ముందు వరసలో చాపేసుక్కూకున్నాడు ఆంజిగాడు! "ఒరే, మా ఆయన్ని దింపాల్సినోడివి నువ్వు కదరా!" అంటే, "అయ్యబాబోయ్ వదినా!" అని నాలిక్కరుచుకున్నాడు. ఆడొక్కడేటి, పక్కనున్న ముగ్గురూ అంతే. మన తెలుగు నాటకం కదాని నాగా ఎట్టీసి వచ్చీసేరు. చూసీవోళ్లు ఇక్కడ, ఆడీవోళ్లు అక్కడ! నలుగురూ సైకిళ్లెక్కి పరిగెట్టేరు గానీ, ఎప్పుడెళ్తారు, ఎప్పుడు దింపుతారు? పోలమ్మ అప్పుడే లేచీసినాది, "చాల్లే భాగోతం, ఇంటికి పద" అని. సీత వాళ్లమ్మ కేసి చూడలేదు. నా కేసి చూసినాది. "వదినా, ఇంటికెళ్లి చేట తే. హెల్మెట్టు తే" అన్నాది.

ఏటి చెప్పమంటావే... నరసింగరావు అత్తయితే నవ్వుకునీవోళ్లం. చేట అత్తయ్యేసరికి పిల్లలు తల్లుల కొంగులట్టుకున్నారు. దాని కాడికెళ్లి ఆ గొంతు, ఇటు తిరిగి ఈ గొంతు. వేషం లేదు, రంగు లేదు. నాను చెరిగిన చేట, పొద్దుటే నూక పోసేను అందులో, నాకే అత్తలా కనబడినాది. పోలమ్మ ఎప్పుడు మళ్లీ కూకుండిపోనాదో!

ఆఖరికి గుమ్మం కాడికొచ్చినాది. హెల్మెట్టు ఎదర నిలబడినాది. తండ్రి మాట అనాల కదా, అన్లేదు. ఊరికినే చూస్తంది. మర్చిపోనాదేమోననుకున్నాను. అప్పుడు జనం ఎనకాల్నించి, "లోపలికి రా తల్లీ" అని వినబడినాది. మా ఆయనే, బూట్లయినా విప్పలేదు, మొహమంతా మసి, ఎప్పుడొచ్చి నిలబడ్డాడో! ఎన్నడూ పలకనోడు అలా పలికేడు. అయినా తల తిప్పి ఆయన్ని చూసినోళ్లు లేరు పిల్లా. జనమంతా హెల్మెట్టునే చూస్తన్నారు. మొగుడి గొంతు నాకు తెలీదా? నానూ హెల్మెట్టునే చూసేను.

సీత మళ్లీ ఆడలేదు. పెళ్లయి చరోదా ఎల్లిపోనాది... ఏదీ, ఆ హెల్మెట్టు అటక మీదున్నాది చూడు, తియ్యి. బూజు దులుపు. గడప కాడెట్టు. ఊఁ, చెప్పు. నాకు కాదే, దానికి చెప్పు. అలా మెడ వంచకు... కాదు, వంచు. అదుగో. సీతా అలాగే వంచీది...

కుళాయొచ్చీసినట్టుంది. పోనీ. నువ్వాపకు.