తోడేలు వాటా

దాళ్వా వరి కోతలయ్యాక భీమడోలు పొలాల్లో గొర్రెల మంద దిగిందని తెలిసి, ఏలూరులో బట్టలు కుట్టుకునే ఆవిడ బస్సెక్కి వచ్చింది. తోడేళ్లను బతకనివ్వమంటూ సెలవురోజుల్లో ఊరూరా పిల్లలకు కథలు చెబుతుందామె. నిరుడు తనకు మంచి కథ ఇచ్చిన ముసలి కాపరి గట్టు మీదే కనిపించాడు.

“బాబాయ్ గారూ, మీ కథ పన్నెండు ఊళ్లలో చెప్పానండి. మందలో ఒక గొర్రెపిల్ల తోడేలు వాటా అని మీ నాన్నగారు వదిలేసేవారు కదా, అక్కడికి రాగానే పిల్లలు చప్పట్లు కొడతారండి.”

“ఇక చెప్పకండమ్మా.”

“అదేంటండీ?”

“ఈ ఏడు మా ఊరి గుట్ట దగ్గర తోడేలు ఆరు గొర్రెపిల్లల్ని పట్టుకుపోయింది. నాన్న చెప్పింది ఒక్కటే కదమ్మా. ఆరోదానికి ఓర్చుకోలేకపోయాను. అది తిని వదిలేసిన కళేబరానికి పురుగుమందు పూశాను.”

ఆవిడ కథల కోసం తాను కుట్టి తెచ్చిన తోడేలు బొమ్మను మెల్లగా సంచిలో పెట్టేసింది.

“తెల్లారి వెళ్లి చూస్తే చచ్చి పడి ఉంది. పొదుగు నిండా పాలమ్మా. అందుకే దానికి ఒకటి చాల్లేదు.”

“మరి కూనలండీ?”

“మూడు రోజులు బొరియలోంచి ఏడుపు వినపడింది. నాలుగో రోజు వినపడలేదు.”

“బయటికి తీయాల్సింది కదండీ!”

“ఏ మొహం పెట్టుకుని వెళ్లేదమ్మా?”



“రేపు ఇక్కడి లైబ్రరీకి నలభై మంది పిల్లలొస్తారండి. వాళ్లకి నేనేం చెప్పను?”

కాపరి పక్కకు పోతున్న గొర్రెపిల్లను మందలోకి తోలాడు.

“నేనొచ్చి చెప్తాను. చప్పట్లు మాత్రం కొట్టనివ్వకండమ్మా.”