అక్షయకొచ్చిన మాట

కూర్చోమంటారేందన్నా, నేను కూర్చునేదానికి రాలేదు. తప్పైపోయిందని చెప్పిరమ్మని దేవసహాయం సారు పంపినాడు, చెప్పి పోతా. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో నిలబడే వచ్చినా. ఇంకొంచేపు నిలబడితే కాళ్లేం విరగవు.

"జాన్‌బీ, ఆశ్రమం పెట్టినోన్ని నేను పోతే మద్దిలేటన్న ఇంకా ఎగురుతాడు. నువ్వు వంట చేసేదానివి, పెద్దదానివి, నీ మొగం చూసి మెత్తబడతాడు" అన్నాడు సారు. మెత్తబడినారా మీరు? యాడ! ఆ కండ్లు చూడు.

అయినా ఆ మాటేందన్నా? ఆ పిల్లను యాడికైనా పంపేయండి, లేకుంటే మా మిల్లు బియ్యం రావు అని ఫోన్లో అంటిరంటనే! యాడికి పంపేది? యాడా దిక్కులేకనే కదా మా కాడికొచ్చింది.

ఆత్మకూరు బస్టాండులో దొరికిందన్నా అది. అక్షయ తృతీయ నాడు. ఊరూరా జనం బంగారం అంగళ్ల ముందర తోసుకుంటాంటే, కన్నతల్లో ఇంకెవురో దీన్ని బెంచీ మీద పండబెట్టి పోయినారు. అందుకే అక్షయ అని పేరు. ఇప్పుడు దానికి తొమ్మిదేండ్లు. నడవలేదు, చేతులు సరిగ్గా ఆడవు, మాట రాదు.

ఆఁ? మాట రాకుంటే ఆ పొద్దు అంత గట్టిగా ఎట్ల అరిచిందంటారా? వస్తాండా, ఆ కాడికే వస్తాండా. తొందరపడితే ఎట్లన్నా!

మా కాడికి దాతలు ఎట్లొస్తారో మీకు తెలీందా? పుట్టినరోజులు, పెండ్లిరోజులు. ఆదివారమైతే ఒకరి మీద ఒకరు పడతారు. ఒక్క పూటకే మూడు కేకులు, మూడు బిర్యానీలు. తినలేక పిల్లోళ్లు కక్కుకుంటారు, కడిగేది నేను. మంగళవారం మటుకు ఈ జిల్లాలో ఒక్కరన్నా పుట్టరు. ఆ పొద్దు నేను నీళ్లపప్పు కాస్తా.

ఇంక పేర్లు! ఫ్యాను రెక్క మీద పేరు, చక్రాల కుర్చీ ఈపున పేరు. మా ప్లేట్లు చూసినారా? ఒక్కో ప్లేటులో ఒక్కో కీర్తిశేషులు. పిల్లోడు అన్నం తింటా తింటా అడుక్కి పోతే, ఆడ చచ్చిపోయినాయన పేరు కనపడతాది. డైపర్లు ఇప్పియ్యండన్నా అని అడిగితే మటుకు ఒక్కరూ ఈరు. పాపం, వాటి మీద పేరు యాడ రాపిస్తారు?

నవ్వొస్తాందా? నవ్వండి. కొంచెం నవ్వితే మీ మిల్లు ఏం ఆగిపోదు.

సరే, అక్షయ సంగతి. దానికి మాటలు నేర్పాలని మేం పడని పాట్లు లేవు. అమ్మ అనమ్మా, అత్త అనమ్మా అని నేను, బొమ్మల అట్టలు పట్టుకొని వినీత టీచరమ్మ. ఊహూఁ. నోరు తెరిస్తే ఒట్టు. అట్లాంటిది ఒకనాడు పొద్దున్నే నేను గంజి గిన్నె పట్టుకొని పోతే, నా దిక్కు చూసి, "హ్యాపీ బడ్డే" అనిందన్నా!

యా అల్లా! ఎత్తుకొని ముద్దులు పెట్టుకున్నా. టీచరమ్మ ఏడ్చేసింది. ఎవరిదబ్బా ఈ పొద్దు పుట్టినరోజని మేమంతా ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నాం. ఎవరిదీ కాదు. మధ్యాన్నం సంగటి పెడితే మళ్లా అదే మాట. రాత్రి మజ్జిగన్నానికీ అదే.

అప్పుడు తెలిసింది మాకు. మనుషులొచ్చి చప్పట్లు కొట్టి హ్యాపీ బడ్డే అంటారు, అన్నాకే అన్నం పెడతారు. దాని లెక్కలో అది అన్నం పేరన్నా! మనం బువ్వ అంటామే, అట్లా. దిద్దేదానికి నాకు మనసొప్పలేదు. తొమ్మిదేండ్లకు నోట్లోనుంచి రాలిన ఒక్క మాట, దాన్ని తప్పని ఎవరంటారు?

ఇంక మీ నాయన వర్ధంతి నాడు ఏం జరిగిందో మీరే గుర్తు చేసుకోండి. గేటుకు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఫ్లెక్సీ. చచ్చిపోయినాయన మూలన బొట్టంత, బతికుండే మీరు నడుమ నిలువెత్తున. సరేలే, అది మీ ఇంటి వ్యవహారం. పిల్లోళ్లను తెచ్చి ఎండలో వరసగా పెట్టమంటిరి, పెట్టినాం. పక్కనే బిర్యానీ డేక్సాలు. మూత సందుల్లోనుంచి ఒకటే వాసన! అన్నం వేళ ఎప్పుడో దాటిపోయింది. పేపరాయన ఇంకా రాలేదని మీరు ఆపితిరి. ఒకాయన దిగితే ఇంకొకాయన మైకు పట్టుకొనె. మీ నాయన ఆకలన్నోళ్లను చూస్తే ఓర్చుకోలేడంట. ఆకలైన పిల్లోళ్లను ముందర కూర్చోబెట్టుకొని ఎంతసేపు చెప్పినారో ఆ మాట!

అప్పటికన్నా పెడతారనుకుంటే, రెండు నిమిషాలు మౌనం పాటించాల అంటిరి. అందరూ కండ్లు మూసుకున్నారు. పిల్లకు ఏం తెలుసన్నా మౌనం? ఆకలైంది, డేక్సా దిక్కు చూసింది, దానికొచ్చిన ఒక్క మాటతో అన్నం పెట్టమని అడిగింది.

"హ్యాపీ బడ్డే!"

ఆ మాట చెవిన పడితే తక్కినోళ్లు ఊరుకుంటారా? అందరూ చప్పట్లు. మా హబీబ్‌కి చూపు లేదు గానీ గొంతుంది, వాడు పాట ఎత్తుకున్నాడు. దండేసిన ఫొటో ముందర పిల్లోళ్లంతా ఒకటే పాట! నేను తల వంచుకున్నా. మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊగిపోతాంటే, పాపం ఏడుస్తాందని దగ్గరికి పోయినా. నవ్వుతాందన్నా ఆయమ్మ! ఆపుకోలేక కండ్లెంబడి నీళ్లు.

ఆ వీడియో వాట్సాప్‌లో నంద్యాలంతా తిరిగిందంటే మేమేం చేస్తాం? తీసింది మీరు తెచ్చిన ఫొటోలాయనే కదా! బజార్లో మిమ్మల్ని చూసి హ్యాపీ బడ్డే అంటాండారా? అనరా మరి? నాకూ బాధే. మీరు బియ్యం ఆపితే ఇంకా బాధ.

ఏందీ? పిల్లను పంపొద్దా? మనుషులొచ్చినప్పుడు వెనక రూములో పెట్టి గొళ్లెం వేస్తే చాలంటారా?

...సారైతే ఇప్పుడే సరేనంటాడు. నేనూ సరేనంటా. పిల్లోళ్లందరి తిండీ మీ మిల్లు మీదనే ఉంటే, నేను పౌరుషం పడేది యాడన్నా?

కానీ ఇంకొక సంగతి ఉంది, చెప్పకుంటే రేపు మళ్లా మామీదనే పడతారు. ఆ పొద్దు మీరు మైకు చేతిలో ఉందన్న సోయి కూడా లేకుండా "తీస్కపో దీన్ని!" అని అరిస్తిరా, పిల్ల బెదిరిపోయి ఒకటే ఏడుపు. మా ఆయా రామమ్మ దాన్ని వంటింట్లోకి ఎత్తకపోయి, ఊరుకోబెట్టాలని, డేక్సా మూత తీసి అందరికంటే ముందు దానికే పెట్టింది. ఎంత కమ్మగా తినిందో!

ఆ పొద్దు నుంచి హ్యాపీ బడ్డే మానేసిందన్నా. ఆకలైతే కుర్చీ చెయ్యి మీద కొట్టి, అచ్చం మీ గొంతే, "తీస్కపో దీన్ని!" అంటాంది.

పొద్దున గంజికి అదే మాట, రాత్రి అన్నానికి అదే మాట. మొన్న గోస్పాడు నుంచి ఒక మొగుడూ పెండ్లాం కూతురి పుట్టినరోజుకని వచ్చినారు. కేకు చూసి అక్షయ ఆ మాటే అనేసరికి ఆయమ్మ కూతుర్ని సంకనేసుకొని పోనే పోయె. మాన్పియ్యాలని చూసినా. బువ్వ అనమ్మా అంటే మళ్లా కుర్చీ చెయ్యి మీదనే కొడతాది.

గొళ్లెం వేస్తే మనిషి కనపడదు గానీ, గొంతు వినపడతాది. రేపు మీరొచ్చి ఫొటో దిగేటప్పుడు లోపల్నుంచి వస్తే, అది తిట్టనుకోవద్దండి, ఆకలి. ఏం చేస్తామన్నా, అన్నం పెట్టేటోళ్ల మాటనే నేర్చుకుంటాది ఆ పిల్ల. బియ్యం పంపియ్యండి, గొళ్లెం వేస్తాంలే.